తాలుకాయల పోగు

మా పెద్దనాన్న ఎవరి కళ్లంలోకి వెళ్లినా మిరపరాశి ముందు చతికిలబడి, రంగుపోయిన తాలుకాయలు ఏరి పక్కన పోసేవారు. అడగని సాయం. ఓ ఏడు మా రాశిలోంచి మంచికాయలే ఏరి పారేశారు.

“ఘాటుకి కళ్లు మసకబారాయిరా” అన్నారు. ఆయనకి షుగరని ఊరంతటికీ తెలుసు, ఆయనొక్కరే ఒప్పుకోలేదు.

బలవంతాన ఒంగోలు తీసుకెళితే కంటి డాక్టరమ్మ చెప్పింది: “షుగర్ ముదిరితే, ఒంటిని కాపాడాల్సిన తెల్లకణాలే రెచ్చిపోయి కంటి రక్తనాళాల్ని పాడుచేస్తాయండి. చూపు పోవచ్చు.”

“పురుగుకని మందు ఎక్కువ కొట్టి పైరే మాడ్చుకున్నట్టన్నమాట” అన్నారు పెద్దనాన్న. ఆ పని ఆయన రెండేళ్లు వరసగా చేశారు.

కంట్లో ఇంజెక్షన్లయ్యాక మళ్లీ మా కళ్లానికొచ్చి ఏరడం మొదలుపెట్టారు. ఆయన వెళ్లాక పోగు తిరగేశాం. అన్నీ తాలే. ఒక్క మంచికాయ మాత్రం దొరికింది. మా అమ్మ దాన్ని రాశిలో కలిపేసింది.