సుద్దపొడి మీద గీత

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో చిత్తూరు బస్సులు వెనక కట్టిన బొగ్గుపొయ్యి గ్యాసుతో నడిచేవి. పెట్రోలు దొరికేది కాదు, మద్రాసు నుంచి విడిభాగాలు వచ్చేవి కావు. ఒక వేసవిలో నేను పనిచేసే షెడ్డుకు పలమనేరు బస్సును ఎద్దులు కట్టి లాక్కొచ్చారు. ఇంజను విప్పి చూస్తే క్రాంకు రెండు ముక్కలై ఉంది. పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటే, ఆ ఆటను తిరుగుడుగా మార్చి చక్రాలకు అందించే వంకర్ల ఇనుప కడ్డీని క్రాంకు అంటాం. అది విరిగితే బస్సు కదలదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు, పెళ్లయి ఆరు నెలలు. నాకు పని నేర్పిన మేస్త్రీకి అరవై దాటాయి. ఆయన చేతిలో బాగుపడని ఇంజను ఉండదని అందరూ అనేవాళ్లు. నేనూ నమ్మేవాణ్ణి.

కార్వేటినగరంలో ఒక పెద్దింటివాళ్ల కారు ఏళ్ల తరబడి కొట్టంలో పడి ఉందని ఆయనకు తెలుసు. ఇద్దరం వెళ్లి దాని క్రాంకు విప్పి, గోనెపట్టాలో చుట్టి, తిరుగుబస్సులో మా తొడల మీద పెట్టుకుని తెచ్చాం.

"కారుది బస్సుకు ఎట్ట సరిపోతాది మేస్త్రీ?" అని అడిగాను దారిలో.

"రెండూ ఒకే కంపెనీవి కదరా. పొడుగూ వంకర్లూ ఒకటే కొలత. లావే కొంచెం తక్కువ. ఆ సందులో లోహం పోసి పూడుస్తాం," అన్నాడాయన.

బిగించే ముందు పగుళ్లున్నాయేమో చూడాలి. దానికి మా దగ్గరున్న ఉపాయం ఒకటే. క్రాంకును కిరసనాయిల్లో నానబెట్టి, పొడిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లాలి. పగులుంటే లోపల దాక్కున్న నూనె మెల్లగా ఊరి, తెల్లటి పొడి మీద గీతగా కనబడుతుంది.

ఆ పని నాకు అప్పగించాడు. పొడి చల్లి కూర్చుని చూస్తున్నాను. మూడో వంకర మలుపు దగ్గర, వెంట్రుకంత సన్నగా, గోరంత పొడుగున ఒక గీత తేలింది.

"మేస్త్రీ, ఈడ గీత పడతా ఉండాది."

ఆయన వచ్చి వంగి చూశాడు. పొడి తుడిచేసి బొటనవేలి గోరుతో ఆ చోట అటూ ఇటూ గీకాడు. గోరు ఎక్కడా ఆగలేదు.

"పగులు కాదురా. లేతు మిషను మీద కోసినప్పుడు పడిన గీత. బిగించు."

ఆయన మాటకు ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. ఇది కాదంటే ఇంకో క్రాంకు ఎక్కడా లేదని కూడా తెలుసు. కొత్త లోహం పోశాం, చేత్తో గీకి నున్నగా చేశాం, క్రాంకు వెనక కొనకు తగిలే బరువుచక్రాన్ని బిగించే బోల్టులకు కొత్త బెజ్జాలు వేశాం. పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ నేను అన్నం సరిగా తినలేదు. ఒంట్లో బాగాలేదా అని నా భార్య అడిగితే షెడ్డులో వేడి ఎక్కువని చెప్పాను.

మొదటి ట్రిప్పుకు మేస్త్రీ నన్నే తోడు పంపాడు. డ్రైవరు పక్కన కూర్చుని ఇంజను చప్పుడు విను, తేడా వస్తే నూనె చూడు, అన్నాడు. నేను విన్నాను. చిత్తూరు దాటినప్పటి నుంచి నాకు ఇంకేమీ వినబడలేదు. జనం మాటలు, కోళ్ల అరుపులు, బొగ్గుపొయ్యి బుసలు అన్నీ ఎక్కడో దూరంగా ఉండిపోయాయి. చెక్కపలకల మీద నా అరికాళ్లు చెవుల్లాగా పనిచేస్తున్నాయి.

బంగారుపాళ్యం దాటి మొగిలి కనుమ ఎక్కేటప్పుడు బస్సు లాగలేక ఆగింది. అది మామూలే. జనం దిగి నడిచారు. కొందరు నెట్టారు. ఖాళీ బస్సు మెల్లగా పైకెక్కింది. ఏమీ కాలేదు.

పలమనేరులో బొగ్గు నింపుతున్నప్పుడు డ్రైవరు నా మొహం చూశాడు. నలభై ఏళ్ల మనిషి, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు.

"ఏమబ్బా, పొద్దుట్నించి చూస్తా ఉండా. దయ్యం పట్టినోడి మాదిరి కూసున్నావు?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. "తలనొప్పన్నా," అన్నాను.

నా భయం దిగేటప్పటి గురించి. ఆ రోజుల్లో కనుమలో బస్సును ఆపి పట్టేది బ్రేకు కాదు. చిన్న గేరులో వేస్తే ఇంజనే వెనక్కి పట్టి మెల్లగా దించుతుంది. క్రాంకు విరిగితే ఆ పట్టు తెగిపోతుంది. ఆ తర్వాత ఉండేది అరిగిన బ్రేకులు, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ.

బస్సు నిండింది. నా వెనక సీటులో బంగారుపాళ్యంలోని పుట్టింటికి పోయే ఒక చిన్నవయసు అమ్మాయి కూర్చుంది. ఒళ్లో ఏడాది నిండని బిడ్డ. బిడ్డ కాలు అప్పుడప్పుడూ నా వీపుకు తగులుతోంది.

కనుమ మొదలు ఇంకా ఒక మైలుంది. అప్పుడు అరికాలి కింద తేడా తెలిసింది. చప్పుడు కాదు, ఒక తట్టు. ఇంజను ఒక చుట్టు తిరిగినప్పుడల్లా, లోపల ఎవరో మెత్తటి సుత్తితో ఒకసారి కొట్టినట్టు. డ్రైవరు గమనించలేదు. చెయ్యి చాచి ఆయన మోచేయి పట్టుకున్నాను.

"ఆపు! ఆపన్నా!"

ఆయన ఉలిక్కిపడి రోడ్డు వారకు తీసి ఆపాడు. జనం గోల చేశారు. నేను కిందికి దిగి, ఆయన్ను బస్సు వెనక్కి పిలిచి, సుద్దపొడి సంగతి అంతా చెప్పేశాను. ఆయన మొహంలో రక్తం లేదు.

"నువ్వు పొద్దుట్నించీ దీన్ని కడుపులో పెట్టుకోని నాతో కనుమ ఎక్కించినావా? నా ఇంట్లో నలుగురు బిడ్లుండారప్పా!"

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. కొట్టకుండా బస్సు కిందికి దూరాడు. నేనూ దూరాను. నూనె దించి, అడుగు తొట్టి విప్పాం. వేడి నూనె మోచేతుల మీద కారుతోంది. క్రాంకును మెల్లగా తిప్పితే మూడో వంకర మా మొహాల మీదికి వచ్చింది. ఇప్పుడు సుద్దపొడి అవసరం లేదు. నల్లటి గీత సగం చుట్టు పాకి ఉంది. డ్రైవరు బొటనవేలి గోరు ఆనించాడు. గోరు దిగబడింది.

నా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. మిట్టమధ్యాహ్నం, ఎండ మండుతోంది.

బస్సు కదలదని చెప్పి డ్రైవరు జనాన్ని దించాడు. ఆయన బస్సు దగ్గర ఉండిపోయి, నన్ను చిత్తూరుకు పొమ్మన్నాడు. జనంతో పాటు కనుమ నడిచి దిగాను. ఆ అమ్మాయి ట్రంకుపెట్టె నేనే నెత్తిన పెట్టుకున్నాను. లోయ వైపు చూడలేకపోయాను. సగం దూరంలో ఆమె అడిగింది.

"చెడిపోతాదని నీకు ముందే తెల్సునా?"

"లేదమ్మా," అన్నాను.

బంగారుపాళ్యంలో లారీ దొరికింది. పొద్దుగుంకక ముందే షెడ్డు చేరాను. మేస్త్రీ ఒక్కడే ఉన్నాడు. జరిగింది చెప్పాను. ఆయన అడిగింది ఒకటే మాట.

"గోరు దిగిందా?"

"దిగింది మేస్త్రీ."

ఆయన పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు. చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"ఆ పొద్దు నువ్వు చూపించిన గీత నాకు కనపడలేదురా. పొడి తెల్లగా కనిపించింది, అంతే. రెండేళ్లుగా చేత్తో తడుముకోనే పని చేస్తా ఉండా. కనపడలేదంటే నన్ను ఈడ ఎవురు పెట్టుకుంటారు? అందుకని లేతు గీత అన్నేశా."

ఆయనకూ భయమేనని నాకు అప్పటిదాకా తోచనే లేదు. మంచినీళ్లు తెచ్చిచ్చాను. తాగలేదు.

అంతలో బస్సుల సొంతదారు, మా మొదలాళి వచ్చాడు. బస్సు యాడ, ఎందుకు రాలేదు అని గుమ్మంలోనే కేకలు మొదలుపెట్టాడు. మేస్త్రీ లేచి నిలబడ్డాడు.

"క్రాంకులో పగులుండాది. ముందే ఉన్నింది. నా కండ్లు ఆనలేదు. తప్పు నాది. ఈ పిల్లోడు ఆపకపోతే కనుమలో అందరూ పోయుందురు."

మొదలాళి నా వైపు తిరిగాడు. ఆ చూపులో మెప్పు ఉంది. నాకూ తెలుసని, తెలిసే బిగించానని, బిడ్డతల్లిని ఎక్కనిచ్చానని చెప్పాలి. నోరు తెరిచాను. మేస్త్రీ నా వైపు చూడకుండా, నూనెగుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంటున్నాడు. మొదలాళి నా భుజం తట్టాడు. నేను తలవంచుకుని నిలబడ్డాను.