ఓబలప్ప మెడలో దండ

బంగారు గనుల ఊరు ఊరిగాంలో, కూలీల లైన్ ఇళ్లలో ఉండే ఓబలప్పది గనిలో కొయ్య దిమ్మెలు నిలబెట్టి పైకప్పును ఆపే పని. గనులు సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్లయింది. లోతు మాత్రం పెరుగుతూనే పోయింది. ఒక ఉదయం షిఫ్టులో, ఆ లోతు ఒత్తిడికి రాతిగోడ పేలింది. జట్టులోని నలుగురిలో, నీళ్లు తాగడానికని పక్కకు వెళ్లిన ఓబలప్ప ఒక్కడే బతికాడు. జట్టులోని చెన్నప్పనూ మిగతా ఇద్దరినీ రెండు రోజులు వెతికి, గోనెపట్టాల్లో పైకి తెచ్చినవాళ్లలో అతనూ ఉన్నాడు.

ఆ తర్వాత ఎదురైన ప్రతివాడూ "నిన్ను దేవుడు కాపాడినాడప్పా" అంటుంటే అతనికి వెగటుగా ఉండేది.

నెల తిరగ్గానే భజన మండలి వాళ్లు పిలిచి అతని మెడలో దండ వేశారు. మండలి పెద్ద శ్రీరామప్ప మైకు పట్టుకుని, "భక్తి ఉండేవాడు బతికినాడు. లేనోళ్ల సంగతి మీరే చూస్తిరి," అన్నాడు. ముందు వరుసలో కూర్చున్న చెన్నప్ప భార్య మారమ్మ తల దించుకుంది.

సాంబ్రాణి పొగ, చెమట, నలిగిన చామంతుల వాసన కలిసి ఓబలప్ప గొంతులోకి వచ్చాయి. దండ తీసి శ్రీరామప్ప చేతిలో పెట్టాడు.

"చెన్నప్ప దినామూ మొక్కి గనిలోకి దిగేవాడు. నేను ఒక్కనాడూ మొక్కలేదు. ఇది ఎవురికి వేయాలో మీరే చెప్పండి."

శ్రీరామప్ప హార్మోనియం వైపు సైగ చేశాడు. పాట మొదలైంది.

ఇంటికొచ్చేసరికి భార్య గురువమ్మ దీపం పెడుతోంది. "నువ్వూ ఆ శ్రీరామప్ప మాటే నమ్ముతావా?" అని విసుక్కున్నాడు.

"దేవుడు నిన్నెందుకు వదిలినాడని నేను అడగలేదు. నువ్వు గనికి పోతే నాకు ఒళ్లు వణుకుతాది. ఎవురితోనైనా చెప్పుకోవల్ల కదా, పటంతో చెప్పుకుంటా ఉండాను. నువ్వు ఎవురితో చెప్పుకుంటావు?"

మర్నాడు అతను మారమ్మ ఇంటికి వెళ్లాడు.

"కడాకి ఆయన ముఖం ఎట్లుండిందప్పా? నాకెవురూ చూపించలేదు," అంది ఆమె.

"ముఖం తెలీలేదమ్మా. చేతిమీద నీ పేరు పచ్చబొట్టు చూసి గుర్తుపట్టినాను."

ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత అంతా మొదటినుంచీ చెప్పమంది. చెప్పాడు.

ఆ నెలలోనే గని ప్రమాదాల్లో దిగే రక్షణ దళంలో చేరాడు. పదకొండేళ్లు చేశాడు. ఎవరిని పైకి తెచ్చినా ఆ ఇంటికి తనే వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పేవాడు. గుడి గడప మాత్రం తొక్కలేదు. శ్రీరామప్ప ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయి ఉమ్మేవాడు.