శుక్రవారం క్లబ్బు మూయించిన మా ఖాలా

ఖాలా పోయింది. కడపలో కూతురింట్లో, తెల్లవారుజాము నమాజుకు లేచి, మంచం అంచున కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయిందట. కబురు ముందు నాకు రాలేదు, మా తమ్ముడికి వచ్చింది. వాడికే ముందు రావాలి కూడా. వాడు నాకు ఫోన్ చేసి "అక్కా, ఖాలా..." అని ఆగిపోయాడు. మళ్లీ వాడే, "కారు తీసుకొని వస్తున్న, తయారుగుండు" అన్నాడు.

ఖాలా అంటే ఉర్దూలో అమ్మకు తోబుట్టువు. నిజానికి ఆమెకూ మాకూ చుట్టరికమేమీ లేదు. మాది నిజామాబాద్ జిల్లా, వాళ్లది కడప. ఎనభైల చివర్లో మస్కట్‌లో, హమ్రియాలోని ఒక పాత బిల్డింగులో రెండు కుటుంబాలం ఒకే ఫ్లాటు పంచుకున్నాం. వాళ్లకొక గది, మాకొక గది, మధ్యలో ఒకే వంటిల్లు. మా బాపు కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఫోర్‌మన్. ఖాలా భర్తను మేము ఖాలూ అనేవాళ్లం. ఆయన ఒక ట్రేడింగ్ కంపెనీ ఆఫీసులో పనిచేసేవాడు. ఖాలా ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుట్టి దగ్గర్లోని రువీ బజారు దుకాణాలకు ఇచ్చేది.

ఈ సంగతులు రాయనా వద్దా అని తమ్ముణ్ని అడిగాను. "రాయి. దాచినోళ్లు మస్తుమంది ఉండిరి. ఆమె దాయలే. మనమెందుకు దాయాలె" అన్నాడు. అందుకే రాస్తున్నాను.

ఖాలా మాట్లాడేటప్పుడు పెదవుల మధ్య దారం ముక్క ఉండేది. గుండుసూదులు ఓణీ అంచుకు గుచ్చుకునేది, వాటిని మరిచిపోయి మమ్మల్ని దగ్గరికి తీసుకునేది, మేము కెవ్వుమంటే తనే నొచ్చుకునేది. పిల్లలకు టీ ఎప్పుడూ కప్పుతో ఇవ్వలేదు. సాసర్‌లో పోసి, ఊది, వేలితో వేడి చూసి ఇచ్చేది. అమ్మ సోమవారం ఉపవాసమని ఆ రోజు మాంసం వండేది కాదు. అమ్మ వద్దని చెప్పలేదు, ఖాలా అడగలేదు. అది అలా నడిచిపోయేది.

అప్పట్లో, అక్కడి వారాంతపు సెలవైన శుక్రవారం వచ్చిందంటే పిల్లలకు నరకం. బడి ఉండదు, పెద్దవాళ్లు వారమంతా డ్యూటీ చేసి నిద్రపోతుంటారు, బయటికి పోదామంటే ఎండ. ఆ బాధ చూసే ఖాలా, ఖాలూ మరికొన్ని కుటుంబాలను కూడగట్టి పిల్లల క్లబ్బు పెట్టారు. రువీ దగ్గర ఒక పాత విల్లా అద్దెకు తీసుకున్నారు. ఖాలూ అధ్యక్షుడు. ఒక దుకాణదారు బస్సు ఇచ్చాడు, ఇంకొకాయన డ్రమ్ములు కొనిచ్చాడు. మెడలో కట్టుకునే ఆకుపచ్చ రుమాళ్లన్నీ ఖాలా కుట్టినవే. తెలుగు, మలయాళం, తమిళం, హైదరాబాదీ పిల్లలమంతా అక్కడ వచ్చీరాని హిందీలో కొట్టుకునేవాళ్లం, కలిసిపోయేవాళ్లం. నా చిన్నతనంలో అంత సంతోషం ఇంకెక్కడా లేదు. ఆ మాట కూడా రాయాలి. లేకపోతే ఖాలా పోగొట్టుకున్నదేమిటో మీకు తెలియదు.

క్లబ్బులో పిల్లలను క్యాంపులకు తీసుకెళ్లే ఒకాయన ఉండేవాడు. మేము 'క్యాంప్ సార్' అనేవాళ్లం. నెమ్మదైన మనిషి. పిల్లలతో అంత ఓపికగా ఉండేవాళ్లను చూడలేదని మా అమ్మే అనేది.

ఆ చలికాలం సహం అనే ఊళ్లో, సముద్రం పక్కన ఒక ఖర్జూర తోటలో మగపిల్లల క్యాంపు పెట్టారు. తమ్ముడు అప్పుడు నాలుగో తరగతి. అమ్మకు పంపడం ఇష్టం లేదు. ఖాలాయే నచ్చజెప్పింది.

"పంపించు చెల్లీ. సముద్రం జూస్తాడు, ఇసకలో పొర్లాడతాడు. ఈ నాలుగ్గోడల మధ్య ఎన్నాళ్లని పెడతావు వాణ్ని? నేనుండా గదా."

అమ్మ పంపింది.

తిరిగి వచ్చినవాడు మా తమ్ముడు కాదు. తిండి తగ్గింది, మాట తగ్గింది. శుక్రవారం బస్సు హారన్ వినపడితే బాత్రూములోకి వెళ్లి గడియ పెట్టుకునేవాడు. అమ్మ దిష్టి తీసింది. బాపు మొదట బుజ్జగించాడు, తరువాత కోప్పడ్డాడు. ఖాలా మాత్రం వాణ్ని ఏమీ అడగలేదు. వాడు పోయి ఆమె కుట్టుబల్ల కింద కూర్చుంటే సాసర్‌లో టీ కిందికి అందించి, తన పని తాను చేసుకునేది.

"వాణ్ని ఇంగ అడగొద్దు చెల్లీ" అంది అమ్మతో. "పక్కన మనిషి ఉంటే సాలు. వానికి సెప్పాలనిపించినప్పుడు సెప్తాడు."

ఒక మధ్యాహ్నం ఖాలా మిషన్ ఆగిపోయింది. నేను మా గదిలో హోంవర్క్ చేసుకుంటున్నాను. ఆ మిషన్ చప్పుడు మధ్యాహ్నాలు ఆగడం నేనెరగను. కాసేపటికి ఖాలా తమ్ముడి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. వాడు ఏడుస్తున్నాడు. ఆమె ఏడవడం లేదు.

వాడు ఆమెకు చెప్పిన మాటలు ఇక్కడ రాయను. క్యాంప్ సార్ గుడారంలో వాడి పట్ల ఏ పిల్లవాడి పట్లా జరగకూడనిది చేశాడు. చెబితే మీ బాపు వీసా పోతుందని బెదిరించాడు. అంతవరకు చాలు.

అమ్మ గిన్నె కింద పెట్టేసి ఖాలా వైపు తిరిగింది. "నువ్వే పంపుమన్నవ్ అక్కా."

"అవును. నేనే పంపమన్నా."

"నేనున్న గదా అంటివి."

"అంటిని" అంది ఖాలా. "నన్నేమన్నా అను, పడతా. ముందు వాణ్ని దగ్గరికి తీసుకో. తప్పు వానిది గాదని నీ నోటితో సెప్పు. నేను సెప్తే సాలదు, తల్లివి నువ్వు" అంది.

అమ్మ వాణ్ని దగ్గరికి తీసుకుంది. కానీ ఖాలాతో మాట్లాడటం మానేసింది. ఒకే వంటింట్లో, పక్కపక్క పొయ్యిల మీద, ఇద్దరూ మౌనంగా వంట చేసుకున్న ఆ రోజులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఖాలా ఆ రోజే ఖాలూకు చెప్పింది. క్లబ్బు కమిటీని పిలవమంది. ఆ వారమంతా కుట్టుపని పక్కన పెట్టి, క్యాంపులకు వెళ్లిన పిల్లల ఇళ్లకు పోయి తల్లులతో మాట్లాడింది. కొందరు తలుపు వేసేశారు. కొందరు ఆమె చెప్పకముందే ఏడ్చేశారు.

విల్లాలో మీటింగు జరిగింది. అమ్మ, నేను వెనక ఆడవాళ్లతో కూర్చున్నాం. ఖాలా విషయం చెప్పగానే కమిటీలో ఒక పెద్దాయన నెమ్మదిగా అందుకున్నాడు.

"అమ్మా, మనం పరాయి దేశంలో ఉన్నాం. గొడవైతే అందరి వీసాల మీదికి వస్తుంది. చందాలు ఇచ్చేవాళ్లు వెనక్కి తగ్గుతారు, క్లబ్బు మూతపడుతుంది. అతన్ని నెమ్మదిగా ఇండియాకు పంపించేద్దాం."

"పంపిస్తే ఆడ మాత్రం పిల్లోళ్లు లేరా?" అంది ఖాలా.

"అది కాదమ్మా. ఇంతకీ ఎవరా పిల్లవాడు? పేరు చెప్పకుండా ఒక మనిషి మీద అంత మాట ఎలా అంటాం?"

"పేరు సెప్పను. ఎంతమంది అడిగినా సెప్పను."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆమెకు అతనంటే పడదని ఒకరు, క్లబ్బు తన చేతిలో పెట్టుకోవాలని చూస్తోందని ఒకరు. ఖాలా ఒక్కతే నిలబడి ఉంది. అప్పుడు మా అమ్మ లేచింది. నలుగురిలో నోరెత్తని మనిషి.

"పిల్లగాని పేరెందుకు మీకు? తల్లిని నేను. నేను చెప్తున్న, జరిగింది. ఇగ అడుగుండ్రి ఏం అడుగుతరో."

మా వెనక వరుసలో ఇంకొకామె లేచింది. ఆమెది కరీంనగర్ వైపు.

"నా కొడుకు నిరుడే జెప్పిండు. నేను కమిటీల ఇద్దరికి జెప్పిన. ఇంటికొచ్చి, నోరు మూసుకుంటె మంచిదన్నరు. మూసుకున్న."

ఖాలూ అధ్యక్షుడి కుర్చీలో బిగుసుకుపోయాడు. "నాకు ఎందుకు చెప్పలేదు?" అని కమిటీని అడిగాడు. ఇద్దరు తలలు దించుకున్నారు. మర్నాడు పొద్దున్నే ఆయన, మా బాపు పోలీసుల దగ్గరికి వెళ్లారు. క్యాంప్ సార్‌ను పట్టుకున్నారు, శిక్ష పడింది. అతని గురించి ఇంతకుమించి రాయను.

అసలు కష్టం ఆ తరువాత వచ్చింది. కమిటీలో వాళ్లకు తెలిసీ దాచారు కాబట్టి క్లబ్బే బాధ్యత వహించాలని, పిల్లల వైద్యానికి పరిహారం ఇవ్వాలని కొన్ని కుటుంబాలు కోర్టుకు వెళ్లాయి. మేమూ వాళ్లలో ఉన్నాం. చందాలు ఆగిపోయాయి. అప్పుడు కొందరు పెద్దమనుషులు ఖాలూ దగ్గరికి వచ్చి ఒక ఉపాయం చెప్పారు. కమిటీకి ముందు ఏమీ తెలియదని అధ్యక్షుడిగా ఆయన ఒక్క మాట చెబితే క్లబ్బు బతికిపోతుందట. వందలమంది పిల్లల ముఖం చూడమన్నారు. ఖాలూ మెత్తని మనిషి, తటపటాయించాడు. గోడకు ఇవతల మాకు అంతా వినపడుతూనే ఉంది.

"నాకైతే నిజంగా తెలియదు కదా. దాంట్లో అబద్ధమేముంది?" అన్నాడు.

"నీకు తెలీదు. వాళ్లకు తెల్సు. వాళ్లకు తెల్సని ఇప్పుడు నీకూ తెల్సు" అంది ఖాలా. "క్లబ్బు నాకు మాత్రం తీపి గాదా? ఆ రుమాళ్లు యెవరు కుట్టినారు? పోతే పోనీ. ఆ బల్ల కింద పిల్లోడు ఉండాడే, వాని మొహం జూసి నేను టీ ఇయ్యాల. నువ్వు ఆ మాట సెప్పినాక ఎట్ల ఇచ్చేది?"

ఖాలూ కోర్టులో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పరిహారం కట్టాలని తీర్పు వచ్చింది, అంత చెల్లించే శక్తి లేక క్లబ్బు దివాలా తీసింది. కోర్టువారు పంపిన మనిషి వచ్చి గుడారాలు, డ్రమ్ములు, కుర్చీలు అమ్మించాడు. బస్సు కూడా పోయింది. పిల్లలకు దక్కింది కొంచెమే. కానీ పిల్లలు చెప్పింది నిజమని పెద్దవాళ్లు అందరి ముందు ఒప్పుకోవాల్సి వచ్చింది. తమ్ముడు ఇప్పటికీ ఆ ఒక్కటే చెప్పుకుంటాడు. "నిజమన్నరు అక్కా. అదే కావాలె నాకు."

విల్లా తాళాలు ఇచ్చేసే రోజు ఖాలా వెళ్లి హాలు ఊడ్చింది. సాయానికి అమ్మ, నేను వెళ్లాం. ఊడ్చడం అయ్యాక ఖాళీ హాల్లో నేల మీద కూర్చుని ఏడ్చింది. అన్ని నెలల్లో ఆమె ఏడవగా చూడటం నాకు అదే మొదలు.

"నేనే పంపమన్నా గదా చెల్లీ" అంది.

అమ్మ పక్కన కూర్చుంది. "వాడు చెప్పుకున్నది గూడ నీకే గదా అక్కా" అంది.

ఆ రోజు నుంచి మా వంటింట్లో మళ్లీ మాటలు వినపడ్డాయి.

బయట మాత్రం ఆమెను క్షమించినవాళ్లు తక్కువ. క్లబ్బును ముంచింది ఈమేనన్నారు. "మా పిల్లలకు శుక్రవారం గతి లేకుండా చేశావు" అని రువీ దుకాణంలో ఒకామె ముఖం మీదే అంది. ఖాలా తల వంచుకుని విని, "పిల్లలు బాగుండారా?" అని అడిగి వచ్చేసింది. కుట్టుపని తగ్గిపోయింది. ఖాలూ కాంట్రాక్టును కంపెనీ మళ్లీ పొడిగించలేదు. అల్ ఖౌద్‌లో ఏదో చిన్న ఉద్యోగం దొరికితే ఊరి శివార్లలోని ఆ పేటకు మారారు. తమ్ముణ్ని ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన ప్రతిసారీ మాత్రం ఆమె టాక్సీలో హమ్రియాకు వచ్చేది. డాక్టరు గదిలోకి వాడు అమ్మను రానిచ్చేవాడు కాదు, ఖాలానే రానిచ్చేవాడు. తొంభైల మధ్యలో వాళ్లు కడపకు వెళ్లిపోయారు. కొన్నేళ్లకు ఖాలూ పోయాడు, మేమూ ఊరికి వచ్చేశాం.

రంజాన్‌కు, దీపావళికి ఆమె ఫోన్ తప్పేది కాదు. మా ఇంటికే కాదు, క్యాంపులకు వెళ్లిన ఆ పిల్లలందరి ఇళ్లకూ చేసేదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తమ్ముడి కొడుకు మొదటిసారి బడివాళ్లతో టూరుకు పోతానన్నప్పుడు తమ్ముడు ఒప్పుకోలేదు. భార్య ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఖాలాకు ఫోన్ చేశాడు.

"పంపాల్నా ఖాలా?"

"పంపు బేటా. భయపడి ఇంట్లో పెట్టుకుంటే వాడు ఇంట్లోనే భయపడతాడు. ఏం జరిగినా వచ్చి సెప్పుకోవచ్చని ముందే సెప్పి పంపు. వచ్చినాక వాడు సెప్పేది ఇను. అడ్డం మాట్లాడకుండా ఇను."

పిల్లవాడు టూరు నుంచి వచ్చి సాయంత్రమంతా కోతుల గురించి చెప్పాడట. తమ్ముడు అడ్డం మాట్లాడకుండా విన్నాడట.

మేము కడప చేరేసరికి సాయంత్రం నమాజు వేళ కావస్తోంది. కడసారి ముఖం చూశాను. పెదవుల మధ్య దారం లేదు. ఆమె కూతురు నన్ను పట్టుకుని, "అమ్మ ఫోన్లో ఉన్న నెంబర్లన్నిటికీ చేసినా అక్కా. ఎవరెవరో తెలీదు నాకు, వస్తాండారు" అంది.

ఆడవాళ్లం ఇంట్లోనే ఉండిపోయాం. మగవాళ్లు మోసుకుపోతుంటే కిటికీలోంచి చూశాను. తమ్ముడు ముందు వైపు భుజం ఇచ్చాడు. వాడి వెనక, పక్కన, నేనెరగని మనుషులు కొందరున్నారు. జుట్టు నెరుస్తున్నవాళ్లు, తలకు చేతిరుమాలు కట్టుకున్నవాళ్లు, నుదుట బొట్టున్నవాళ్లు ఇద్దరు. భుజాలు మార్చుకునేటప్పుడు ఒకరినొకరు చూసుకుంటున్నారు. పేర్లు అడగడం లేదు.

మట్టి ఇచ్చి తిరిగి వచ్చాక వాళ్లంతా గేటు పక్కన కుళాయి దగ్గర చేరారు. కుళాయిలో నీళ్లు సన్నగా వస్తున్నాయి. తమ్ముడు చెంబు నింపి, పక్కనున్నతని చేతుల మీద పోశాడు. అతను చేతులు కడుక్కుని, చెంబు తీసుకుని, తన పక్కనున్నతనికి పోశాడు. ఎర్రమట్టి నీళ్లు గచ్చు మీదుగా వీధిలోకి పారుతున్నాయి. చేతులు శుభ్రమయ్యాక కూడా వాళ్లలో ఎవరూ అక్కడి నుంచి కదల్లేదు.