నీళ్ల బండికి ఇసుక పరీక్ష

మా పెద్దమ్మ వెల్డింగ్ చేస్తుందంటే ఇప్పటికీ కొందరు నోరు వెళ్లబెడతారు. వెళ్లబెట్టనివ్వండి! పెదనాన్న పోయాక షాపు మూసేయమని సలహా ఇచ్చినవాళ్లే, వారం తిరక్కుండా విరిగిన గేటు పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డారు. రవ్వలు కురిపిస్తూ, మధ్యమధ్య గేటు తెచ్చినవాణ్ణి తిడుతూ పని చేసేది. వీధంతా ఆమెను నిప్పుల పెద్దమ్మ అనేది.

ఆమె చెల్లెలే మా అమ్మ. మా పేట కొండవాలు మీద ఉంది. కుళాయి కింద, ఇళ్లు పైన, మధ్యలో నూటపన్నెండు మెట్లు. అమ్మ ఆరిళ్లకు నెత్తి మీద నీళ్లు మోసి నన్ను పెంచింది. ఆ ఏడాది ఆమె కుడిచేయి తిమ్మిరెక్కి, పట్టుకున్న గ్లాసు జారిపోవడం మొదలైంది. డాక్టరు మెడ ఎక్స్‌రే చూసి, "ఇంకా బరువులు మోశావంటే ఆ చేయి నీది కాదమ్మా" అనేశాడు. మోస్తే చేయి పోతుంది, మానేస్తే పొయ్యి వెలగదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

అప్పుడే ఒక డిజైన్ సంస్థ నుంచి మెడలో టేపు వేసుకుని ఒక అమ్మాయి దిగింది. మెట్లెక్కే నీళ్ల బండి తయారు చేయాలట. తన బొమ్మ పెద్దమ్మకు చూపించింది.

"బానే ఉంది. కాగితం మీదయితే ఏనుగు కూడా మెట్లెక్కుద్ది" అంది పెద్దమ్మ.

టేపు పిల్ల నొచ్చుకోలేదు సరికదా, పకపకా నవ్వి, "అయితే మీరే ఎక్కించండి" అని అక్కడే చతికిలబడింది. మూడు నెలలు! మానలేక ఇంకా మోస్తున్న అమ్మ వెనకే మెట్లెక్కింది, దిగింది. ప్రతి మెట్టూ కొలిచింది, అమ్మ నడుమూ అరచేయీ కొలిచింది. పెద్దమ్మ ఇరుసుకు రెండు వైపులా మూడేసి చక్రాలు త్రికోణంగా బిగించింది. ఒక చక్రం మెట్టుకు తగలగానే పైది తిరిగి మెట్టెక్కుతుంది. బ్రేకు ఎడమచేతికి పెట్టింది. ఏడు బండ్లు చేసి ఏడింటినీ కోసి పారేసింది. ఎనిమిదోది ఎక్కింది చూడండీ, నేను గంతులేశాను!

పరీక్షలన్నీ ఇసుకతోనే చేశారు. రెండు వెడల్పు మూతి డబ్బాలు, నీళ్లంత బరువుకు తూచిన ఇసుక. "నీళ్లతో ఆటలాడితే కళ్లు పోతాయి" అనేది పెద్దమ్మ. నీళ్లకు కటకటలాడే మా పేటలో ఆ మాట ఎవరికీ వింతగా తోచలేదు.

సంస్థ పెద్దసారు వచ్చే రోజు రానే వచ్చింది. బండి నచ్చితే పేటకు అరవై బండ్లు, మొదటిది అమ్మకి. నచ్చకపోతే ఆ పథకం ఇంకో పేటకు పోతుంది. జనమంతా మెట్లకు రెండు పక్కలా నిలబడ్డారు. కుళాయి దగ్గర డబ్బాలు నింపి అమ్మ లాగడం మొదలుపెట్టింది. పది మెట్లు, ఇరవై... ఈలలు! ముప్పయ్యో మెట్టు మీద డబ్బాల్లో నీళ్లు అటూ ఇటూ ఊగాయి. ఆ ఊపుకు బండి పక్కకు ఒరిగింది, డబ్బాలు దొర్లాయి, నీళ్లన్నీ మెట్లపాలు. కిందనున్నవాళ్లు "అయ్యో నీళ్లు!" అని గగ్గోలు పెట్టారు.

పెద్దమ్మ నుదురు కొట్టుకుంది. "నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఇసుక కదలదు, నీళ్లు కదుల్తాయి. ఈ ముక్క తట్టలేదే నాకు!"

సారు వాచీ చూసుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అమ్మ మాత్రం తాపీగా చెంగుతో ముఖం తుడుచుకుంది. "నీళ్ల మీద చెక్క వెయ్యక్కా. తేల్తా ఉంటే నీళ్లు ఊగవు. నా బిందెలో ఎప్పుడూ వేస్తా కదా."

"ఓసి నీ అసాధ్యం కూలా! మూడు నెలల్నుంచి చెప్పవేమే?"

"నన్నడిగారా? మెడ గురించి అడిగారు, చేతుల గురించి అడిగారు, మెట్ల గురించి అడిగారు. నీళ్ల గురించి ఎవరడిగారు?"

టేపు పిల్ల ముఖం ఎర్రబడింది. మరుక్షణం పరుగెత్తి మా ఇంట్లోంచి ఒకటి, పక్కింటి అత్త దగ్గర ఒకటి, కూరలు తరిగే చెక్కలు పట్టుకొచ్చింది. "ఉల్లిపాయ వాసనొస్తే నాకు తెలీదు" అంది అత్త.

తీరా బండి కిందికి దించి చూస్తే కుళాయి ఆగిపోయింది. సారు బయల్దేరబోయాడు. అప్పుడు అత్తే మెట్లెక్కి ఇంటికెళ్లి చెంబు నిండా నీళ్లు తెచ్చి డబ్బాలో పోసింది. ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక ఇంకొకామె. చుక్క నీరు పారబోయని మనుషులు, నా కళ్లెదుటే రెండు డబ్బాలూ నింపేశారు!

అమ్మ మళ్లీ లాగింది. ముప్పయ్యో మెట్టు దగ్గర ఊపిరి బిగబట్టాం. చెక్క కొంచెం కదిలింది, అంతే. బండి టకటకమని ఎక్కుతూ పోయింది. అరవై, తొంభై, నూటపన్నెండు! కేకలతో కొండ హోరెత్తింది. పెద్దమ్మ సారు చేయి పట్టుకుని ఊపేస్తోంది. "అరవై చేసెయ్యండమ్మా, చేసెయ్యండి" అంటున్నాడాయన నవ్వుతూ.

అమ్మ చివరి మెట్టు మీద ఆగి, బ్రేకు వేసి, బిందె దించుకోవడానికి రెండు చేతులూ తలపైకెత్తింది. చేతులకు ఏమీ తగల్లేదు. జుట్టు తడుముకుంది.

"ఏమీ లేదే అక్కా" అంది, చేతులు అలాగే పెట్టుకుని.