క్లచ్ ప్లేటుకు కుంకుమ బొట్లు

మా మేనమామకు కారు తోలడం అంతంతమాత్రం. కారు చూపించుకోవడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. ఎనభైల మొదట్లో ఆయన ఒక పాత విదేశీ స్పోర్ట్స్ కారు తెచ్చి, అత్తిమంజేరిపేటలో చెరకు బండ్లు తిరిగే దారిలో నిలబెట్టాడు. ఒకప్పుడు షోళవరం రేసుల్లో పరిగెత్తిన కారట. రెండే తలుపులు, నేలను రాసుకునే పొట్ట. వెనక సీట్లో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేవి. ఊళ్లో ఆ కారును చూడనివాడు లేడు, ఎక్కినవాడూ లేడు.

మా అవ్వకు, అంటే ఆయన కన్నతల్లికి, ఒకటే కోరిక. కళ్లకు పొర కమ్ముకుంటోంది. చూపు పూర్తిగా పోయేలోగా తిరుత్తణి కొండ మీద స్వామి ముఖం ఒకసారి చూడాలి. మెట్లెక్కే ఓపిక లేదు గానీ కొండ పైదాకా బస్సు పోతుంది. నేను తీసుకుపోతానన్నప్పుడల్లా మామ ఎగిరిపడేవాడు.

"ఇంట్లో కారు పెట్టుకోని మాయమ్మను బస్సులో పంపిస్తే ఊరోళ్లు నా మొగాన ఉమ్మరా? నా కార్లోనే పోతాది."

ఆ కారేమో కదిలితేగా. క్లచ్ ప్లేటు అరిగిపోయింది. కాస్త ఎత్తు వస్తే చాలు, ఇంజిను గొంతు చించుకునేది, చక్రాలు మాత్రం ఎవరినో అంటున్నారన్నట్టు ఊరుకునేవి. అంత పాత మోడలుకు సామాను దొరకదు. దానికోసం మామ మద్రాసులో పుదుప్పేట పాత సామాన్ల అంగళ్లన్నీ తిరిగాడు. తిరిగినదానికన్నా తిరిగానని చెప్పుకున్నది ఎక్కువ. అట్లా ఏడాది దాటిపోయింది. నేను విసుక్కుంటే అవ్వ, "సుమ్మా ఉండు నాయనా, ఏమీ అనొద్దు, వాడు బాధపడతాడు" అనేది. కొడుకు పరువు నిలబడాలంటే తల్లి కళ్లు కాయలు కాయాలి కాబోలు.

చివరికి ఆయుధపూజకు ముందు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు దొరికాయి. వాటిని నేరుగా షెడ్డుకు పంపితే ఆయన మా మామ ఎందుకవుతాడు? పూజలో పెట్టాడు. మా రైతుల ఇళ్లలో ఆ రోజు కొడవళ్లు, పారలు, మడక కర్రు కడిగి, నూనె గుడ్డతో తుడిచి, గంధం కుంకుమ పెడతారు. ఇనుముకు నూనె మంచిదే, కాదనను. మామ క్లచ్ ప్లేటుకు కూడా అదే మర్యాద చేశాడు. రెండు వైపులా నిగనిగలాడేలా నూనె రుద్ది, చుట్టూ గంధం పూసి, వరసగా బొట్లు పెట్టాడు.

నేను గుమ్మిడిపూండిలో ఒక ఫ్యాక్టరీలో మిషన్ల మధ్య పనిచేసేవాణ్ణి. చూస్తూ ఊరుకోలేకపోయాను.

"మామా, ఆ ప్లేటు పొడిగా ఉంటేనే పట్టుకుంటాది. నూనె తగిలితే జారిపోతాది. ఇట్లియ్యి, పెట్రోలుతో కడిగేస్తా."

"సామికి పెట్టిన కుంకుమ కడుగుతావా? ఫ్యాక్టరీలో బోల్టులు బిగించేవాడివి, నాకు చెప్పొచ్చినావు!"

తిరువళ్లూరు షెడ్డు మేస్త్రీ ఇంకా ఘనుడు. గేర్‌బాక్సు దించి పాత ప్లేటు తీశాడు. కొత్తదాని మీది జిడ్డును వేలితో తాకి నా వైపు చూశాడు, తర్వాత మామ వైపు చూశాడు. "సామికి పెట్టిన సామాను సార్, నేనెట్ల తుడిచేది?" అని బొట్లతో సహా బిగించాడు. మామకైతే చెప్పినా తలకెక్కలేదు, వీడికి తెలుసు. అందుకే వీణ్ణి చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండింది.

ఆ స్వామికి ఇష్టమైన కృత్తిక నాడు బయలుదేరాం. అవ్వ ముందు సీట్లో, నేను వెనక మడతపడి. చదును రోడ్డు మీద మామ ఒక చెయ్యి బయట పెట్టి దొరలా తోలాడు. తిరుత్తణిలో కొండదారి ఎక్కి మొదటి మలుపు తిరగగానే ఇంజిను అరిచింది, కారు ఆగింది. ఆయన ఇంకా గట్టిగా తొక్కాడు. కింద నుంచి పొగ వచ్చింది. మాడు వాసనతో పాటు గంధం వాసన కూడా వచ్చింది.

"చూసినావారా, గందం వాసన! సామి ఎదురొచ్చినాడు!"

ఆ మనిషి నిజంగానే ఆ మాట అన్నాడు. జాలిపడాలని కూడా నాకు అనిపించలేదు.

వెనక కొండ బస్సు హారన్ కొడుతోంది. నేను దిగి, అవ్వను దింపి, ఆ బస్సే ఎక్కించాను.

"యాడికిరా తీసుకోని పోతావు? కొంచేపుంటే చల్లారతాది, ఎక్కుతాది!" అని మామ అరిచాడు. ఈసారి అవ్వ వెనక్కి తిరిగి చూడలేదు.

దర్శనం చేసుకుని దిగి వచ్చేసరికి జనం కారును వెనక్కి తోసి కొండ కింద నిలబెట్టారు. మామ బానెట్ ఎత్తిపెట్టుకుని, స్వామి తనకు పరీక్ష పెట్టాడని వచ్చేపోయేవాళ్లకు చెబుతున్నాడు. అవ్వ చేతిలో విభూతి పొట్లం చూసి, "అమ్మా, రవ్వంత కారుకు పెట్టు" అన్నాడు.

అవ్వ పిడికిలి మూసేసింది. "దానికొద్దురా. దానికి పెట్టిందే ఎక్కువైంది."

నేను పడీపడీ నవ్వాను. ఊరికి తిరిగిపోయే బస్సులో ఇంకా నవ్వుతూనే అడిగాను.

"సామి బాగా కనిపించినాడా అవ్వా?"

అవ్వ పొట్లాన్ని తడుముకుని కొంగున ముడివేసుకుంది.

"హారతి కనిపించింది నాయనా. పోయినేడే వచ్చింటే మొగం గూడా కనిపించుండును."