కనేర్ అంటే ఆఁ అన్నాను

కొన్నేళ్ళుగా ఒక్క "ఆఁ" నా గొంతులో అడ్డుపడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్పేస్తున్నాను. పెద్దగా చదువుకోలేదు గానీ మాటలెక్కువ నాకు. ఇదొక్కటి తప్ప అన్నీ ఎవరో ఒకరి దగ్గర వాగేశాను.

మా అత్త పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టింది. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, కోపమొస్తే రెండూ. నేను శ్రీకాకుళం వైపు నుంచి షిప్పెక్కి కోడలిగా వచ్చాను. మొదట్నుంచీ ఆవిడంటే నాకు పడదు. ఆవిడకీ నేనంటే పడదు.

అత్తకి షుగర్. ఒకరోజు వరండాలో పక్కింటి దీదీతో కాళ్ళ మంటలని చెప్పుకుంటుంటే నా నోరూరుకోలేదు. మా ఊళ్ళో షుగర్‌కి బిళ్ళగన్నేరు ఆకు రసం తాగుతారన్నాను. మంచికే అన్నాను. అప్పటికి మంచికే.

"సునో దీదీ, డాక్టరమ్మ చెప్తంది," అంది అత్త. "ఇంత తెలివైన గుంటని వాళ్ళమ్మ షిప్పెక్కించీసి చేతులెందుకు దులుపుకుందో మరి."

దీదీ నవ్వింది. నేను పెరట్లోకి పోయి గిన్నెలు తోముకున్నాను. తోమిందే మళ్ళీ తోముకున్నాను. దీదీ వెళ్ళాక అత్త గుమ్మంలోంచి కేకేసింది.

"ఏటే, గన్నేరు బోలే తో కనేరే కదా?"

కనేర్ అంటే మా గేటు పక్కన గులాబీరంగు పూలు పూసే చెట్టు. ఉత్త గన్నేరు, విషం. బిళ్ళగన్నేరు వేరు, నేలబారుగా పెరిగే చిన్న మొక్క, దాన్నిక్కడ సదాబహార్ అంటారు. పూజకి రోజూ పూలు కోసేది నేనే కాబట్టి రెండు పేర్లూ నాకు తెలుసు.

"ఆఁ," అన్నాను.

కాస్త కడుపులో తిప్పితే చాలనుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. నిజమేనా? గన్నేరు తిని పోయినవాళ్ళ కథలు వింటూ పెరిగినదాన్ని, కడుపు తిప్పడంతో ఆగుతుందని ఎలా అనుకుంటాను? మిక్సీ చప్పుడు వినిపించింది. లేచి నాలుగడుగులు వేస్తే ఆపేదాన్ని. లేవలేదు.

ఆ రసం తాగిన అత్తకి వాంతులయ్యాయి. గుండె కొట్టుకోవడం నెమ్మదించిపోయింది. ఆస్పత్రిలో పడి ఎలాగో బతికింది. మంచం మీంచి అందరితో ఒకటే మాట.

"బహూకి హిందీ రాదు, నాకు తెలుగు సరిగ్గా రాదు. మా ఇద్దరి మధ్యన చెట్టు మారిపోనాది."

మా ఆయన నా భుజం తట్టి, నీ తప్పేం లేదన్నాడు. ఏడ్చాను. పశ్చాత్తాపం అనుకున్నారంతా. దొరికిపోతానన్న భయం అది.

అప్పట్నుంచీ ఆవిడ తెలుగు మాట్లాడటం మానేసింది. మా పాప దేనికైనా తెలుగులో పేరడిగితే, "మీ అమ్మని పూఛో, మేరా తెలుగు ఖరాబ్ హై," అంటుంది. నన్ను తిట్టేది కూడా ఇప్పుడు హిందీలోనే. ఆవిడ మీద ప్రేమ పుట్టిందా? లేదు. జాలి కూడా సరిగ్గా రాలేదు. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం ఇవాళా లేదు, రేపూ రాదు.

మీతో అన్నాక కాస్త ఊపిరాడుతోంది. మా అత్తకి తెలుగు బాగానే వచ్చు. నాకు హిందీ కూడా వచ్చు.