పొగతో లీకు విన్న మనిషి

మొన్న శుక్రవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా కరీముల్లా కన్నుమూశాడు. మల్కాపురం మెయిన్ రోడ్డు మీద బళ్లకు సైలెన్సర్లు బిగించే కరీముల్లా. షట్టరు సగం ఎత్తాడు, లోపలికి వంగబోతూ గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. పక్కనే వెల్డింగు షెడ్డు నాది. తాళం తీస్తున్నవాణ్ణి పరుగెత్తి ఒడిసి పట్టుకున్నాను. గుండె ఆగిపోయిందని డాక్టరు వచ్చి చెప్పాడు. ఇలాంటి వ్యాసాల్లో పిడుగులాంటి వార్త విన్నాం అని రాస్తారు. నాకు వార్త రాలేదు, నా చేతుల్లోనే జరిగింది. అయినా నమ్మకం కుదరడం లేదు.

ఆయన మా పట్నంలోని పాతవూరు మనిషి. తండ్రి ఇత్తడి సామాన్లకు మాట్లు వేసేవాడు. తొంభైల మొదట్లో, బళ్లు పెరుగుతున్న రోజుల్లో, ఆయన మల్కాపురం వచ్చి నా షెడ్డు పక్కన చేరాడు. సముద్రం గాలికి మా వూళ్లో సైలెన్సర్లను తుప్పు లోపలినుంచి తినేస్తుంది. పైకి మెరుస్తుంటాయి, గట్టిగా తడితే చిల్లులు పడతాయి. కంపెనీది పోయాక కుర్రాళ్లు బయట దొరికే సైలెన్సర్లు కొని తెచ్చేవారు. ఆయన బిగించేవాడు, పైపు చాలకపోతే నేను అతికేవాణ్ణి. మా ఇద్దరిదీ ఆ జత. ఒకరినొకరం బావా అనుకునేవాళ్లం.

పనిలో ఆయనకు నియమాలుండేవి, వాటి దగ్గర తండ్రి వచ్చినా ఒకటే. జాయింటులో వేసే ప్యాకింగు పాతది మళ్లీ వాడడు. రెండు నట్లూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగిస్తాడు. బిగించాక ఇంజను బాగా వేడెక్కేదాకా నడిపి, ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ బిగిస్తాడు. అప్పటిదాకా బండి ఇవ్వడు. మధురవాడ కాలేజీల కుర్రాళ్లు ఊరు దాటుకుని వచ్చి, అక్కడ కూర్చోలేక గింజుకునేవారు.

"తాతా, బిగించీసావు కదేటి, ఇంకేటి సూత్తన్నావ్?"

"సల్లారనీరా. ఏడిగున్నప్పుడు అందరూ మంచోళ్లే. సల్లారితేనే ఎక్కడ వదిలిందో తెలుస్తాది."

"సౌండు ఇంకొంచెం గట్టిగా రావాల తాతా."

"సౌండు పైపు సివర్నించి రావాల. మద్దిలోంచి వొస్తే అది సౌండు కాదు, ఏడుపు. నీకు బండి కావాలా, ఏడిసే పిల్ల కావాలా?"

కుర్రాళ్లు నవ్వి టీ చెప్పేవారు. ఆయన పేరంతా చెవి వల్ల వచ్చింది. కళ్లు మూసుకుని ఇంజను పక్కన తల వాల్చి, ఇంజను హెడ్డు దగ్గరో, పైపు క్లాంపు దగ్గరో, ఎక్కడ గాలి బుసకొడుతోందో చెప్పేవాడు. కరీముల్లా విన్నాడంటే ఇక చూడక్కర్లేదు అనేవారు.

ఆ చెవే పోయింది. ఏళ్ల తరబడి ఆ మోతల్లో తల పెట్టినవాడికి పోక ఏమవుతుంది! నాకు తెలిసింది ఒక మధ్యాహ్నం. బండి నడుస్తోంది, హెడ్డు జాయింటు దగ్గర లీకు నా షెడ్డులోకి వినబడుతోంది. ఆయన తల వాల్చి విని, "బాగుంది, తీసుకెల్లు" అన్నాడు. నేను వెనకనుంచి పిలిచాను. తిరగలేదు. భుజం తట్టి జాయింటు వైపు వేలు చూపించాను. ఆయనకు అర్థమైంది. గిరాకీని టీకి పంపేసి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవుడికీ సెప్పకు బావా. సెవిటోడి కాడికి సైలెన్సరు ఎవుడు తెస్తాడు? నాకు వేరే పని రాదు."

నేను చెప్పలేదు. కానీ నలుగురి ముందూ ఆయనతో మాట్లాడేదెలా? అరిస్తే గుట్టు పోతుంది. ఆయనకు చదువు వచ్చు, పాతవూరి బడిలో తెలుగు నేర్చుకున్నాడు. నేను వేలిముద్రగాణ్ణి. జుట్టు నెరిశాక రాత్రి బడికి వెళ్లాను. అక్కడ చేపలమ్మే ఆడవాళ్లు, "ఏటి మావా, ఇప్పుడు సదివి కలెక్టరవుతావేటి?" అని ఆట పట్టించేవారు. పంతులమ్మ ముందు పేరు రాయమంది. పేరు తర్వాత నేర్చుకుంటాను గానీ, లీకు అని ఎలా రాస్తారో చెప్పమన్నాను. అదే నా మొదటి మాట. మర్నాడు సుద్దముక్కతో ఆయన కొట్టు సిమెంటు నేల మీద రాశాను. చదివి, కాలితో తుడిచేసి, ఏమీ జరగనట్టు పానా అందుకున్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు నేను చూశాను.

ఎంతసేపూ నేను పక్కన ఉండలేను కదా. దారి చూపింది ఆయన భార్య జైతూన్. ఆమె పొద్దున్నే కొట్లో అగరుబత్తి వెలిగించేది. ఒకరోజు ఆ పొగ, ఇంజను నడుస్తుండగా నిలబెట్టిన బండి వైపు తిన్నగా వెళ్లి, జాయింటు దగ్గర ఎగిరిపడింది. ఆమె భర్త మోచెయ్యి లాగి చూపించింది. ఆనాటినుంచి ఆయన గాలి రాకుండా షట్టరు సగం దించి, ఇంజను నడుస్తుండగా అగరుబత్తిని పైపు పొడుగునా తిప్పేవాడు. పొగ చెదిరినచోట లీకు. చెవి కన్నా బాగా పట్టేవాడు.

జనం అది చూసి చెయ్యెత్తి దణ్ణం పెట్టారు! సాయిబు బండికి ధూపం వేస్తున్నాడనుకున్నారు. ఎలమంచిలి నుంచి వచ్చిన బెల్లం వ్యాపారి ఒకాయన, ఇక్కడ ధూపం పడితే బండి పడదని ఊరంతా చెప్పాడు. సైలెన్సరుతో పని లేనివాళ్లు కూడా కొత్త బళ్లు, నిమ్మకాయలు పట్టుకుని వచ్చేవారు. ఆయన ఎవరినీ రమ్మనలేదు, మంత్రమని ఎవరికీ చెప్పలేదు. కానీ అన్నం తినలేకపోయేవాడు.

"దేవుడి పేరు మీద అబద్ధం ఆడతన్నాను బావా."

'ఆడలేదు. నోరు మూసుకున్నావు' అని నేల మీద రాశాను.

"రెండూ ఒకటే" అని కాలితో చెరిపేశాడు.

ఒక ఆదివారం కొట్టు నిండా బళ్లు. స్టీలు ప్లాంటులో పనిచేసే సత్యనారాయణ గారు, గోదావరి జిల్లానుంచి వచ్చి స్థిరపడినాయన, ముందుచక్రం వంకరపోయిన బండిని ఆటోలో వేసుకుని తెచ్చారు. కొడుకు దానిమీంచి పడి ఆసుపత్రిలో ఉన్నాడు.

"సాయిబు గారండీ, ఓసారి ఆ ధూపం తిప్పండి. మావోడికి ఇంకా తెలివి రాలేదండి. మీ చేతి చలవని అందరూ అంటున్నారు."

ఆయన పెదవులు చూసి కరీముల్లాకు అర్థమైంది. చేతిలో అగరుబత్తి వెలుగుతోంది. చుట్టూ అందరూ చూస్తున్నారు. అది తిప్పడానికి ఎంతసేపు? దాన్ని నీళ్ల బకెట్టులో ముంచేశాడు.

"బాబూ, నాకు మంత్రాలు రావు. నాకు సెవులు ఇనబడవు. పొగెట్టి లీకు సూసుకుంటన్నాను, అంతే. మీ అబ్బాయి కోసం దువా సేస్తాను. అది నమాజులో సేస్తాను, బండి కాడ కాదు."

ఎవరో వెనకనుంచి, "ఇన్నాళ్లూ సెవిటోడి కాడికా వొచ్చాం" అని బండి తిప్పుకుని పోయాడు. వెనకే మరికొందరు. సత్యనారాయణ గారు మాత్రం ఆయన చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని వదిలి, బండిని ఆటోలో వేసుకుని వెళ్లారు. తర్వాత చాన్నాళ్లు ఆ కొట్టుకి ఈగ కూడా రాలేదు. ఆయన రోజూ షట్టరెత్తి, నేల తుడిచి కూర్చునేవాడు. "పోయింది బావా. గానీ అన్నం సయించతంది" అన్నాడొకనాడు.

ఆ తర్వాత ఒకరోజు సత్యనారాయణ గారి అబ్బాయి రవి కుంటుకుంటూ వచ్చాడు. వెనకాల వాళ్ల కాలనీ బళ్లు. తండ్రి వాళ్లకు చెప్పి పంపారట: అబద్ధానికి అంత గిరాకీ ఉన్నప్పుడు నిజం చెప్పినవాడు నట్టు వదులుగా ఎందుకు వదిలేస్తాడు అని. రవి నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుని, 'క్లాంపు చూడు తాతా' అని నేల మీద రాశాడు. ఆ రోజునుంచి అందరూ రాయడమే. తర్వాత ఆయిలు పట్టిన ఆ నేల సుద్ద రాతల వల్ల ఎప్పుడూ నల్లగా కనబడలేదు.

ఆయన పోయే ముందురోజు, గురువారం సాయంత్రం నేనూ రాశాను: 'నా బండి లీకు.' "ఇక్కడే వొదిలీ బావా. సల్లారాల కదా. పొద్దున్నే వొచ్చి సూస్తాను" అన్నాడు. శుక్రవారం అంత పొద్దున్నే షట్టరు ఎత్తింది అందుకే.

జుమ్మా నమాజు తర్వాత పాతవూరి శ్మశానానికి తీసుకెళ్లాలి. కుర్రాళ్లంతా బళ్లు ఇంజన్లు ఆపి, తోసుకుంటూ ఆయన ఇంటి సందులోకి వచ్చారు. మర్యాద అనుకున్నారు. గుమ్మం తెర వెనకనుంచి జైతూన్ నన్ను పిలిచింది.

"అన్నా, ఆళ్లని స్టార్టు సెయ్యమను. ఆయనకి ఎలాగూ ఇనబడదు. ఆయన సేసిన పని నాకు ఇనబడాల."

అన్ని బళ్లూ ఒక్కసారిగా స్టార్టు అయ్యాయి. సందు దద్దరిల్లింది. నేను అలవాటుగా లీకు కోసం విన్నాను. ఆయన బిగించిన బళ్లలో ప్రతి మోతా పైపు చివరినుంచే వస్తోంది, మధ్యలోంచి ఒక్కటీ లేదు. ఆయన్ని మించినవాళ్లు పెద్ద పెద్ద షోరూముల్లో ఉండొచ్చు. చల్లారేదాకా కూర్చునేవాడు నాకైతే ఇంకొకడు కనబడడు. నేను నేర్చుకున్న అక్షరాలన్నీ ఆ మనిషితో మాట్లాడటానికి నేర్చుకున్నవి. ఆయన చదవనిది నేను రాయడం ఇదే మొదటిసారి.

ఆ రోజు అక్కడున్నవాళ్లు: తెర వెనక జైతూన్, ఆమె అక్క మెహరున్నీసా. జనాజా మోసిన తమ్ముడు రహంతుల్లా, అల్లుడు బాషా, సత్యనారాయణ గారు, రవి. బళ్ల మీద అప్పలరాజు, నూకరాజు, చిన్న గౌరీ, మధురవాడ కిరణ్, ఎలమంచిలి బెల్లం వ్యాపారి సన్యాసిరావు. అందరికన్నా వెనక, వెల్డింగు పైడయ్య అనే నేను, హెడ్డు దగ్గర ఏడుస్తున్న నా బండి మీద.